బోరు నీళ్లలో ఎర్ర జిగురు: నా అనుభవం

నిన్న సాయంత్రం కుళాయి కింద తెల్ల బకెట్ పెట్టి గంటసేపు చూశాను. నీళ్లు ఎర్రబడలేదు. మూడు నెలల తర్వాత ఇదే మొదటిసారి.

మా బోరు నీళ్లు తేటగానే వచ్చేవి. కాసేపు నిలవుంటే ఎర్రబడేవి. ట్యాంకు గోడలకు తుప్పురంగు జిగురు, పైన నూనెలాంటి తెట్టు. మెకానిక్ మాట విని పైపులు మార్పించాను. డబ్బు దండగ.

అసలు బాధ నీళ్ల పరీక్ష ఆఫీసులో. సీసాలో జిగురు పట్టుకుని మూడుసార్లు తిరిగాను. మూడోసారి అక్కడి ఉద్యోగి సీసా పైకెత్తి, అందరి ముందు "ఏంటమ్మా, ట్యాంకు కడుక్కోవడం కూడా మేమే నేర్పాలా?" అన్నాడు. వారం వారం బ్రష్‌తో తోమే మనిషిని నేను. నోట మాట రాలేదు. పక్కావిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. ఇంటికొచ్చి అన్నం తినలేదు. రిపోర్టులో ఇనుము ఎక్కువుందని రాశారు. జిగురు సంగతి ఒక్క ముక్క లేదు.

మా ఆడపడుచు కూతురు మైక్రోబయాలజీ చదువుతోంది. వాళ్ల మేడమ్ ఆ జిగురును మైక్రోస్కోపు కింద పెట్టారు. "అత్తా, ఇటు చూడు" అంది పిల్ల. పురికొసల్లా మెలితిరిగిన సన్నటి గోధుమరంగు పోగులు! గాలియోనెల్లా అనే బ్యాక్టీరియా నీళ్లలో కరిగిన ఇనుమును ఆక్సిజన్‌తో కలిపి శక్తి సంపాదించుకుంటుందట. చిక్కుడు గింజలాంటి ఆ కణం, మిగిలిన తుప్పును ఇలా తాడులా పేని ఒంటి బయటికి వదులుతుంది. పక్కనే సన్నటి ఖాళీ గొట్టాలు. అవి లెప్టోథ్రిక్స్ అనే ఇంకో ఇనుప బ్యాక్టీరియా ఒరలు, లోపలి కణాలు ఎప్పుడో వెళ్లిపోయాయి. 1830ల్లోనే ఎరెన్‌బెర్గ్ అనే జర్మన్ శాస్త్రవేత్త గాలియోనెల్లాను వర్ణించాడట. దాదాపు రెండు వందల ఏళ్లుగా తెలిసిన సంగతికి నేను మాటపడ్డాను!

తెట్టును పుల్లతో కదిపి చూడండి. నూనైతే మళ్లీ కలిసిపోతుంది, ఈ బ్యాక్టీరియా తెట్టయితే పెంకుల్లా విరుగుతుంది. బ్లీచింగ్ ఒక్కటే పోస్తే లాభం లేదు, జిగురు లోపలికి క్లోరిన్ దిగదు. నేను మొదట అలాగే పోసి మోసపోయాను. రెండోసారి కంప్రెసర్‌తో బోరు ఫ్లషింగ్ చేయించి, ఆ తర్వాతే బ్లీచింగ్ పోసి రాత్రంతా ఉంచాం. యాసిడ్‌ను మాత్రం బ్లీచింగ్‌తో ఎప్పుడూ కలపకండి, విషవాయువు వస్తుంది. ఇనుము భూమిలోంచి వస్తూనే ఉంటుంది కాబట్టి, నీటికి గాలి తగిలించి ఇసుకలో వడకట్టే ఫిల్టర్ కూడా పెట్టించాం.

మేడమ్ తీసిన ఫొటో ప్రింటు వేయించాను. సోమవారం ఆ కౌంటర్లో ఇచ్చి వస్తాను.