అమ్మ, నేను, వంగపండు రంగు చీర

మధ్యాహ్నం అమ్మతో గాంధీరోడ్డుకు పోయాను. పెళ్లికి కట్టుకునే చీరకు జాకెట్టు గుడ్డ కావాలంట. నన్ను పిలిచింది సంచి మోయడానికే. రంగుల సంగతిలో నా మాటకు మా ఇంట్లో విలువ లేదు. ఎరుపు, పచ్చ దగ్గర నా కళ్లు తికమకపడతాయి. అందరూ వంగపండు రంగనే ఆ చీర నాకు ఎప్పుడూ నీలమే.

అంగడతను ట్యూబ్‌లైటు కింద కొంగు పరిచి ఐదారు ముక్కలు పక్కన పెట్టాడు. నాలుగోది సరిగ్గా కలిసిందని అమ్మా తలూపింది. అయినా రెండూ తీసుకుని మెట్లు దిగి రోడ్డు మీదికి పోయింది.

"యాడ కలిసిందిరా? గుడ్డ ఎర్రగా కొడతా ఉండాది."

"లోపల బాగుండాది కదమ్మా" అన్నాడతను.

ఇద్దరిదీ నిజమే. అద్దకాలు వేరైతే ఒక వెలుగులో ఒకటే అనిపించిన గుడ్డలు ఇంకో వెలుగులో విడిపోతాయి. దీన్నే మెటామెరిజం అంటారు. మరి ఎండకే ఎందుకు పెద్దరికం? పెళ్లి రాత్రిపూట, మండపంలో ఉండేది లైట్లే కదా అన్నాను. అమ్మ నన్ను ఎగాదిగా చూసింది. ఏ వెలుగూ కలవని అసలు రంగు చూద్దామంటే చీకట్లో రంగే లేదాయె.

బస్సులో వస్తా ఉంటే డాల్టన్ గుర్తొచ్చాడు, పరమాణు సిద్ధాంతం చెప్పిన జాన్ డాల్టన్. ఆయన కళ్లకూ రంగులు తికమకే. పగలు తనకు నీలంగా కనబడే జెరేనియం పువ్వు 1792లో ఒకరోజు కొవ్వొత్తి వెలుగులో ఎర్రగా కనబడింది. చుట్టూ ఉన్నవాళ్లకు అంత తేడా లేదు, తోడబుట్టినవాడికి తప్ప. తన కంట్లోని ద్రవమే నీలిరంగుదని ఆయన తేల్చుకున్నాడు. తాను పోయాక కళ్లు కోసి చూడమన్నాడు. 1844లో చూశారు. ద్రవం తేటగా ఉంది, ఆయన అనుకున్నది తప్పు. దాచిపెట్టిన కంటి ముక్కలోంచి డిఎన్‌ఏ తీసి పరీక్షిస్తే మధ్యస్థ తరంగాలను, అంటే పచ్చ వైపు వెలుగును, పట్టే వర్ణకం (కంట్లో వెలుగును పీల్చే పదార్థం) ఆయనకు లేదని 1995లో తెలిసింది. ఆయన సిద్ధాంతం కన్నా ఆ అప్పగింతే నాకు ఎక్కువ నచ్చుతుంది. తన కంటిని తన కంటితోనే తూచలేమని ఆయనకు తట్టింది. చూసే వాళ్ల కళ్లకూ లోపాలుంటాయి, నిజమే. అందరివీ ఒకే లోపం కాకపోతే చాలు.

నాది డాల్టన్ అంత కాదు. వర్ణకం ఉంది, కొంచెం పక్కకు జరిగింది. ఇట్లాంటి కళ్లు మామూలు కళ్లకు ఒకటే అనిపించే కొన్ని జతలను విడదీస్తాయి. చెప్పొద్దూ, ఆ నాలుగో ముక్క నాకు ట్యూబ్‌లైటు కిందే వేరుగా కనబడింది. ఎవరు వింటారులే అని నోరు మెదపలేదు.

చివరికి వేరే ముక్క తెచ్చుకున్నాం. రాత్రి హాల్లో బల్బు కింద అమ్మ రెండూ పరిచింది.

"ఇప్పుడెట్లుండాది?"

"కొంచెం తేడా ఉండాది మా."

"నీకేం తెలుసు పో" అని మడిచి బీరువాలో పెట్టేసింది.