వాగ్దానం కార్డులో పట్టని సగం

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో మన ఒంగోలు వైపు చాలా సంఘాల్లో జరిగేదే. పళ్లెంలో ఒక్కో బైబిలు వచనం రాసిన వాగ్దానం కార్డులు పెడతారు, పిల్లా పెద్దా వరసగా వచ్చి తలా ఒకటి తీసుకుంటారు. ద్వితీయోపదేశకాండం 28వ అధ్యాయం వచ్చినవాళ్ల సంతోషం చూడాలి! "తలగా నియమించునుగాని తోకగా నియమింపడు" అని వచ్చిందా, ఇక ఆ ఏడాదంతా ట్రాక్టరు వెనకా ఆటో అద్దం మీదా వాట్సాప్ స్టేటస్‌లోనూ అదే. నాకూ ఇష్టమైన వచనమే. కాకపోతే దేవుని ఆజ్ఞలు విని పాటిస్తే అనే షరతు కూడా అదే 13వ వచనంలో ఉంది, అది మాత్రం కార్డు మీదికి రాదు.

ఏ ఆజ్ఞలు అని అడగండి, ఆదివారం మానకూడదు, దశమభాగం ఇవ్వాలి అంటారు చాలామంది. నాలుగు అధ్యాయాలు వెనక్కి తిప్పితే 24:15లో మోషే చెప్పింది వేరే సంగతి: బీదవాడి కూలి ఏనాటిది ఆనాడే, పొద్దు గుంకకముందే ఇవ్వాలి, వాడు దానిమీదే ఆశ పెట్టుకుని ఉంటాడు, ఇవ్వకపోతే వాడు యెహోవాకు మొరపెడతాడు, అది నీకు పాపమవుతుంది. తర్వాతి అధ్యాయంలో దొంగ తూనికరాళ్ల మాట. కొట్టు పెట్టుకున్నవాళ్లు చదువుకోండి, నేను చెప్పక్కర్లేదు.

ఆ కార్డు తీసుకున్న నెలా రెండు నెలల్లోనే ఇక్కడ పొగాకు బ్యారన్ల దగ్గర, అంటే పచ్చాకును వేడితో ఆరబెట్టే కొట్ల దగ్గర, పని జోరుగా ఉంటుంది. పచ్చాకు కర్రలకు అల్లే ఆడవాళ్ల చేతులు చూశారా? జిగురు పట్టి నల్లగా అయిపోతాయి, సబ్బేసి రుద్దినా వదలదు, ఆ చేత్తో కలిపిన ముద్ద చేదు. పొద్దుగూకేదాకా ఆ పని చేసినామెకు "వేలం డబ్బులు పడనీ అక్కా, ఒకేసారి ఇస్తాం" అని చెప్పి, అదే నోటితో ఆదివారం "నీ గంపయు పిండి పిసుకు నీ తొట్టియు దీవింపబడును" అని చదువుతాం. మోషే ఆ మాట అన్నది కనానులో అడుగుపెట్టబోతున్న జనమంతటితో. వాళ్లలో కూలివాళ్లూ ఉన్నారు. ఆమె గంప ఖాళీగా ఉన్నంతకాలం ఆ వచనం నెరవేరిందని ఎట్టా అంటాం?

మనం కృపలో ఉన్నాం, ధర్మశాస్త్రం కింద లేము కదా అని వెంటనే ఒకరు అంటారు. నిజమే. క్రీస్తు మనకోసం శాపమై ధర్మశాస్త్రపు శాపం నుంచి విడిపించాడని గలతీ 3:13 చెబుతోంది, ఆశీర్వాదం మన నీతితో కొనుక్కునేది కాదు. కానీ యాకోబు 5:4 కొత్త నిబంధనలోదే. బిగబట్టిన కూలే మొరపెడుతోందని రాశాడాయన. కృప వచ్చిందని కూలి బాకీ రద్దు కాలేదు.

అసలు మన ప్రాంతంలో విధేయత ఎట్టా మొదలైందో గుర్తు చేసుకోవాలి. 1866లో బాప్తిస్మం పొందిన యర్రగుంట్ల పేరయ్య మొదలుకొని మాదిగపల్లెల్లో నమ్మినవాళ్లకు మూడు నియమాలు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. పాటించినందుకు వాళ్లకు దొరికింది గంప నిండటం కాదు. ఊళ్లోవాళ్లు బావి నీళ్లు ఆపారు, పని ఆపారు. తలగా ఉండటం అటుంచి బతకడమే కష్టమైంది, అయినా వెనక్కి పోలేదు. 1876-78 కరువులో ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువలో కొంత దూరం తవ్వే కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు కూలి ఇప్పించారు. విచిత్రం ఏమిటంటే, అన్నాళ్లూ బాప్తిస్మాలు మాత్రం ఆపేశారు, సాయం కోసం వస్తున్నారేమోనని. అవి మళ్లీ మొదలయ్యాక 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది. కూలికీ బాప్తిస్మానికీ ముడిపెట్టని ఆ జాగ్రత్త ఇవాళ మన ప్రసంగాల్లో ఎక్కడుందో నాకైతే కనపడటం లేదు. "కానుక వెయ్యండి, రెట్టింపు వస్తుంది" అనేదే ఎక్కువ.

రైతు కష్టం తెలియక రాయడం లేదు. వేలంలో రేటు పడిపోతే ఆయనకీ అప్పే, టెన్షనే. అందుకే అదే ద్వితీయోపదేశకాండంలో 15:8 కూడా ఉంది, అవసరంలో ఉన్నవాడికి చెయ్యి చాచి అప్పివ్వమని. సంఘంలో ఉద్యోగస్తులున్నారు, పెన్షన్లు వచ్చేవాళ్లున్నారు. ఈ సీజన్‌లో ఆ రైతుకు నాలుగు వారాల చేబదులు ఇస్తే బ్యారన్ దగ్గర కూలి ఆ సాయంత్రమే ముట్టుతుంది, పాస్టరుగారూ పెద్దలూ కూర్చుంటే కుదరని పనేం కాదు.