మీకు తెలియనిదేముంది మేడమ్

జ్వరం దిగితే ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుంటారు. నాకు మాత్రం ఆ సాయంత్రం థర్మామీటర్‌లో 98.6 చూడగానే కడుపులో దేవినట్టయింది. డెంగీలో అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది మరి. జ్వరం దిగాక వచ్చే ఒకటి రెండు రోజుల్లోనే ప్లాస్మా, అంటే రక్తంలోని ద్రవం, రక్తనాళాల్లోంచి బయటికి కారిపోయి, ఒంటికి రక్తం చాలక మనిషి షాక్‌లోకి వెళ్ళేది. కాకినాడలో ఇన్నేళ్ళుగా జనరల్ మెడిసిన్ ప్రాక్టీస్ చేస్తూ, వానాకాలం వచ్చిందంటే రోజూ ఈ మాటే పేషెంట్ల బంధువులకి చెబుతుంటాను. నాకు మాత్రం ఎవరూ ఏమీ చెప్పలేదు.

అడ్మిషన్, సెలైన్లు, రక్తపరీక్షలు, అవన్నీ మామూలే. నన్ను చూస్తున్న డాక్టర్ నాకు బాగా తెలిసినవాడే. రౌండ్స్‌కి వచ్చి, కడుపు మీద చెయ్యి కూడా వెయ్యకుండా "మీకు తెలియనిదేముంది మేడమ్, ఏమీ కాదు" అని నవ్వి వెళ్ళిపోయేవాడు. నా పక్క బెడ్ రైతుకి పావుగంట కూర్చుని చెప్పాడండీ, నేను విన్నాను!

ఆ రాత్రి సిస్టర్ బీపీ చూసి "96/78, పర్లేదు మేడమ్, వంద దగ్గరే ఉంది" అంది. పైదానికీ కిందదానికీ తేడా 18. ఇరవైకి దిగిందంటే షాక్ మొదలైనట్టే. నా చేతులు నేనే పట్టుకు చూసుకున్నాను, మంచుగడ్డల్లా ఉన్నాయి. రక్తం ఎంత చిక్కబడిందో చెప్పే పీసీవీ పొద్దున 36, ఇప్పుడు 44. డ్యూటీ డాక్టర్ పరుగెత్తుకొచ్చాడు, పాపం చిన్న కుర్రాడు, వచ్చి నన్నే అడిగాడు: "ఫ్లూయిడ్ ఎంత స్పీడులో పెట్టమంటారు మేడమ్?" కిలోకి గంటకి ఐదు నుంచి పది ఎమ్మెల్ అని హౌస్ సర్జన్లకి ఎన్నిసార్లు చెప్పానో. అప్పుడు మాత్రం నా బరువెంతో నాకే గుర్తు రాలేదు.

మా ఆయన నాకు పాఠం చెప్పిన ప్రొఫెసర్ గారికి ఫోన్ చేశాడు. రిటైరైపోయిన మనిషి, ఆ వేళప్పుడు ఆటోలో వచ్చారు. కేస్ షీట్ నా చేతిలోంచి లాక్కుని "ఇవాళ నువ్వు డాక్టర్‌వి కాదు తల్లీ, కళ్ళు మూసుకో" అన్నారు. నాకు ఏడుపొచ్చింది. గంట గంటకీ బీపీ ఆయనే చూసుకున్నారు. తెల్లవారేసరికి చేతులు వెచ్చబడ్డాయి. ప్లేట్‌లెట్లు ఎక్కించమని మా బంధువులు చేసిన గొడవకి కూడా ఆయనే అడ్డుపడ్డారు, రక్తస్రావం లేదు, పదివేల కిందకి పడలేదు, అక్కర్లేదని.

బొప్పాయాకు రసం మా అత్తయ్య తాగించనే తాగించింది, ఆవిడతో ఎవరు వాదిస్తారు. అన్నవరంలో వ్రతం కూడా మొక్కుకుందట. నాకంత నమ్మకం లేదు గానీ కార్తీకంలో వెళ్తాం.

తోటి డాక్టర్లకి ఒక్క మాట. ఒంట్లో బాగోకపోతే మొహమాటపడే స్నేహితుడి దగ్గరికి వెళ్ళకండి, మిమ్మల్ని గదమాయించగలవాళ్ళ దగ్గరికి వెళ్ళండి. మీ రిపోర్టులు ఫోన్‌కి పంపొద్దని ల్యాబ్‌కి చెప్పండి.

ఆ డాక్టర్ మొన్న ఒక మీటింగ్‌లో ఎదురుపడి "చూశారా, ఏమీ కాదన్నాను కదా" అన్నాడు. అంతమందిలో ఏమనను, నవ్వి ఊరుకున్నాను. ఇంటికొచ్చాక ఒళ్ళు మండి ఇదంతా రాశాను.