పాత సామానుతో కొత్త కాపురం: ఎర్రగడ్డ నుంచి ఆబిడ్స్ దాకా నా అనుభవం

సూర్యాపేట నుంచి హైదరాబాద్‌కు కాపురం మార్చినప్పుడు ఇంటి అడ్వాన్సు కట్టగా మా చేతిలో మిగిలింది పాతిక వేల రూపాయలు. మూసాపేటలో మేం అద్దెకు తీసుకున్న రెండు గదుల పోర్షన్‌లో ఫ్యాన్లు తగిలించుకునే కొక్కేలు తప్ప మరేమీ లేవు. మంచం, బీరువా, ఫ్యాన్లు, మిక్సీ, గ్రూప్స్ పరీక్షలకు చదువుకోవడానికి నాకు పుస్తకాలు, ఒక ల్యాప్‌టాప్ కావాలి. ఇవన్నీ కొత్తవి కొనాలంటే వాయిదాల మీద తెచ్చుకోవాల్సిందే. నెల నెలా వాయిదాలు కట్టుకుంటూ కూర్చోవడం మా ఇద్దరికీ ఇష్టం లేదు. అందువల్ల పరుపు, దిండ్లు, ప్రెషర్ కుక్కర్, గ్యాస్ పైపు మాత్రం కొత్తవి కొని, తక్కినవన్నీ పాతవే వెతుక్కోవాలని నిర్ణయించుకున్నాం.

పాత వస్తువు అసలు ఖరీదు అమ్మేవాడు చెప్పే ధర కాదు. ఆ ధరకు బాగుచేయించే ఖర్చు, ఇంటికి చేర్చే కిరాయి కలిపి చూసుకోవాలి. ఈ రెండూ ముందే తెలిసి ఉంటేనే బేరం దగ్గర ధైర్యంగా మాట్లాడగలం. అందుకని సంతకు వెళ్లే ముందు మా వీధి చివరి మోటార్ వైండింగ్ దుకాణానికి వెళ్లి, ఏ రిపేరుకు ఎంతవుతుందో చెప్పమని అక్కడి చాచాను అడిగాను. "అందరు సామాను కొన్నంక ఏడ్చుకుంట వస్తరు, నువ్వు కొనకముందే వచ్చినవ్ బేటా" అని నవ్వి, ఆయన ఓపికగా చెప్పుకొచ్చారు. ఫ్యాన్ మెల్లగా తిరుగుతోందంటే చాలాసార్లు కెపాసిటర్ బలహీనపడి ఉంటుంది, అది వంద రూపాయల లోపు పని. చేత్తో తిప్పినప్పుడు గరగరమంటే బేరింగులు మార్చాలి, దానికి రెండు మూడు వందలవుతుంది. మోటారు దగ్గర ముక్కు పెట్టినప్పుడు మాడు వాసన వస్తే మాత్రం వైండింగ్ కాలినట్టే, దాన్ని బాగుచేయించే డబ్బుతో ఇంకో పాత ఫ్యానే వస్తుంది. మిక్సీ కింద రబ్బరు కప్లర్ పళ్లు అరిగినా, జార్‌లో బుష్ వదులైనా భయపడనక్కర లేదని, అవి విడిగా దొరికే చిన్న భాగాలని కూడా చెప్పారు.

ఎర్రగడ్డలో ఆదివారం సాగే సంత మాకు మెట్రోలో రెండో స్టేషన్. రోడ్డు పక్కన టార్పాలిన్ల మీద డ్రిల్లింగ్ మిషన్లు, రిమోట్లు, సైకిల్ భాగాలు, బూట్లు, జీన్స్ ప్యాంట్లు, తీగలు తేలిన టేబుల్ ఫ్యాన్లు అన్నీ కలిపి పరిచి ఉంటాయి. పొద్దున్నే వెళితే ఎంచుకోవడానికి సరుకు ఉంటుంది, పొద్దుగూకే వేళకు వెళితే ధర దిగుతుంది. మూట కట్టుకుని తిరిగి మోసుకెళ్లడం కన్నా ఎంతో కొంతకు వదిలించుకోవడమే మేలని అమ్మేవాళ్లు అనుకునే సమయం అది. నాకు ఎంచుకోవడమే ముఖ్యం కాబట్టి పొద్దున్నే వెళ్లేదాన్ని.

అక్కడ గోధుమ రంగు సీలింగ్ ఫ్యాన్ ఒకటి కనిపించింది. తొమ్మిది వందలు చెప్పాడు. దాన్ని ఒళ్లో పెట్టుకుని చేత్తో తిప్పితే చప్పుడు లేకుండా నాలుగైదు చుట్లు తిరిగింది. మోటారుకు ముక్కు ఆనించి చూస్తే దుమ్ము వాసనే తప్ప మాడు వాసన రాలేదు. మూడు రెక్కలనూ పక్కపక్కనే పేర్చి, పొడవు, వంపు, స్క్రూ రంధ్రాలు ఒక్కలాగే ఉన్నాయా అని చూశాను. రెక్కలు జతగా బరువు సరితూగేలా తయారవుతాయి, వేరే ఫ్యాన్ రెక్క ఒక్కటి కలిసినా తిరిగేటప్పుడు ఫ్యాన్ ఊగిపోతుంది. ఇదంతా చూస్తున్న అబ్బాయి "మెల్లగ తిరుగుతదక్కా, అందుకే ఇస్తున్న, లేకుంటే ఇంట్లనే పెట్టుకుందును" అని తనంతట తానే చెప్పేశాడు. నేను మూడు వందల యాభై అన్నాను. "బోణీ బేరమక్కా, ఉత్త చేతులతోని పోకు" అన్నాడు. నాలుగు వందల యాభైకి కుదిరింది. చాచా కెపాసిటర్ మార్చి, నూనె చుక్క వేసి, ఎనభై రూపాయలు తీసుకున్నారు. ఆ ఫ్యాన్ కిందే కూర్చుని ఇది రాస్తున్నాను.

బట్టల గురించి ఎక్కువ చెప్పను. జీన్స్ ప్యాంటును వెలుగుకు ఎదురుగా పట్టుకుని తొడల లోపలి వైపు పలచబడిందో లేదో చూడాలి, జిప్పు పైకీ కిందికీ లాగి చూడాలి. చొక్కాలకు చంకల దగ్గర రంగు వెలిసి ఉంటే వదిలేయడమే. మా ఆయనకు చలికాలపు కోటు ఒకటి అక్కడే దొరికింది. లోపలి గుడ్డ చిరిగి ఉండబట్టే అది మాకు అందుబాటు ధరకు వచ్చింది.

మంచం, బీరువా సంతలో కొనే వస్తువులు కావు. వాటికి సరైన సమయం నెలాఖరు. ఇళ్లు ఖాళీ చేసేవాళ్లు సామాను ఎలాగైనా వదిలించుకోవాలని చూసేది ఇరవై ఐదో తేదీ తర్వాతే. ఒకటో తేదీ లోపు ఇల్లు అప్పగించాలి కాబట్టి వాళ్లకు ధర కన్నా తొందర ముఖ్యం. కూకట్‌పల్లిలో బెంగళూరుకు బదిలీ అయిన కుటుంబం దగ్గర టేకు మంచం చూశాం. మరలు విప్పించి, కోళ్లు బిగించే గాడుల్లోకి ఫోన్ టార్చి వేసి చూశాను. నల్లులు ఉంటే ఆ సందుల్లోనే నల్లటి చుక్కలు కనిపిస్తాయి. పట్టీ మీద చేత్తో తట్టితే సన్నని పొడి రాలిందంటే లోపల పురుగు ఇంకా తొలుస్తోందని అర్థం. రెండూ లేవు. మంచం విప్పితే మెట్ల మీదుగా ఎక్కుతుంది గానీ ఇనప బీరువా ఎక్కదు కాబట్టి, మా మెట్లు మలుపు తిరిగే చోటు వెడల్పును టేపుతో కొలిచి రాసుకున్న తర్వాతే బీరువా వెతికాం. బీరువాకు తలుపుల రంగు కన్నా అడుగు రేకును చూడాలి. తడి గుడ్డతో నేల తుడిచే ఇళ్లలో తుప్పు అక్కడే మొదలవుతుంది. ట్రాలీ ఆటో కిరాయి, రెండో అంతస్తుకు ఎక్కించిన హమాలీల కూలీ కలిపి బీరువా ధరలో దాదాపు మూడో వంతు అయింది. ఇది ముందే లెక్క వేసుకున్నాం కాబట్టే అమ్మేవాళ్ల దగ్గర ఆ మేరకు గట్టిగా తగ్గించి అడగగలిగాం.

మా అత్తమ్మకు ఈ పద్ధతి మొదట నచ్చలేదు. "ఎవలు పండుకున్న మంచమో, ఏమైన్రో, అవన్ని మనకెందుకు బిడ్డా" అన్నది. ఆ మాటలో భయం ఉంది, దాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. అమ్మినవాళ్లను నేను చూశానని, చిన్న పిల్లలతో చల్లగా ఉన్న కుటుంబమని చెప్పాను. ఆమె పసుపు నీళ్లతో తుడిచి, రెండు రోజులు డాబా మీద ఎండలో పెట్టించింది. నల్లుల జాగ్రత్తకు ఎండ ఎలాగూ కావాల్సిందే కాబట్టి నేనూ సరేనన్నాను.

అదే అత్తమ్మ పురానాపూల్ దగ్గర గురువారం జరిగే జుమ్మేరాత్ బజార్‌లో నాకు గురువైంది. నేను చిన్న అయస్కాంతం పట్టుకెళ్లాను. ఇనుము మీద ఇత్తడి పూత పూసిన కుందులకు అది టక్కున అతుక్కుంటుంది, అసలు ఇత్తడికి అతుక్కోదు. ఆమెకు అయస్కాంతంతో పనే పడలేదు. గుండిగను చేతిలో తూకం చూసి, వేలి కణుపుతో కొట్టి మోత విని, సీసాలోని నీళ్లు పోసి అడుగున చెమ్మ వస్తుందేమో చూసి, లోపలి తగరపు పూత, అంటే కళాయి, పోయిందని యాభై తగ్గించి మరీ తీసుకుంది. కళాయి లేని ఇత్తడి గిన్నెలో పులుసు కాస్తే కిలుము దిగుతుంది కాబట్టి, కళాయి పోయించే ఖర్చు కూడా ఆమె నా పద్ధతిలోనే లెక్క కట్టింది.

ఇలాంటి సంతల్లో ఫోన్లు మాత్రం మేం కొనలేదు. ఫోన్‌ను తెలిసిన దుకాణంలో, బిల్లు రాయించుకుని తీసుకున్నాం. కొనే ముందు *#06# నొక్కితే వచ్చే 15 అంకెల ఐఎంఈఐ సంఖ్యను (ఒక్కో ఫోన్‌కు విడిగా ఉండే గుర్తింపు సంఖ్య), ముందు ఇంగ్లిష్ అక్షరాల్లో కేవైఎం అని చేర్చి, 14422కు మెసేజ్ పంపితే ఆ ఫోన్ వివరాలు తిరిగి వస్తాయి. కేంద్ర టెలికం శాఖ వారి సంచార్ సాథీ వెబ్‌సైట్‌లోనూ చూసుకోవచ్చు. బ్లాక్ అయిందనో, డూప్లికేట్ అనో వస్తే దండం పెట్టి వచ్చేయాలి. దొంగ సొత్తని తెలిసీ తీసుకుంటే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు ఉంది.

ల్యాప్‌టాప్‌కు సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర కంప్యూటర్ దుకాణాలుండే సీటీసీకి వెళ్లాం. విండోస్ 10కు మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఇంటెల్ ఎనిమిదో తరం కన్నా పాత ప్రాసెసర్లకు, ఒకటీ అరా తప్ప, విండోస్ 11 అధికారికంగా రాదు. అందువల్ల పైకి తళతళలాడే ఆరో తరం, ఏడో తరం యంత్రాలు అక్కడ చవకగా చూపిస్తారు. ప్రాసెసర్ పేరులో ఐ5 పక్కన అడ్డగీత తర్వాత వచ్చే నాలుగు అంకెల సంఖ్య 6తోనో 7తోనో మొదలైతే పక్కన పెట్టించాను. మూత గీతలు పడిన ఎనిమిదో తరం యంత్రాన్నే తీసుకున్నాను.

పుస్తకాలకు ఆబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీది ఆదివారం బజార్ నాకు అన్నిటి కన్నా ఇష్టమైన చోటు. పోటీ పరీక్షల పుస్తకం మీద ముద్రణ సంవత్సరాన్ని స్టిక్కర్ కప్పేసి ఉంటే తెలంగాణ భూగోళం పేజీ తెరుస్తాను. జిల్లాలు పది అంటే 2016 అక్టోబర్‌కు ముందుది, 31 అంటే 2019 ఫిబ్రవరికి ముందుది, 33 అంటే ఆ తర్వాతది. చరిత్రకు పాత ప్రతి అయినా చాలు, ఆర్థిక సర్వేలకు చాలదు. 2024 జూలై 1న కొత్త నేర చట్టాలు అమల్లోకి వచ్చాయి కాబట్టి పాత ఐపీసీ (భారత శిక్షా స్మృతి) పుస్తకాలు ఎంత చవకగా ఇచ్చినా పరీక్షకు పనికిరావు. ఎవరో శ్రద్ధగా పెన్సిల్‌తో గీతలు గీసుకున్న ప్రతి దొరికితే నేను దాన్నే ఎంచుకుంటాను. ఏది ముఖ్యమో సగం పని ఆ పాత విద్యార్థి చేసి పెట్టి ఉంటారు.

ఇక మిగిలింది ఫ్రిజ్. దసరా, దీపావళి ఎక్స్ఛేంజ్ ఆఫర్లలో జనం ఇచ్చేసిన ఫ్రిజ్‌లు ఆ తర్వాత పాత సామాను దుకాణాలకు చేరతాయి కాబట్టి అప్పటిదాకా ఆగాం. కంప్రెసర్ మార్చిన ఫ్రిజ్ వద్దని చాచా చెప్పారు. కరెంటు పొదుపును చూపే స్టార్ల లెక్కను ఎప్పటికప్పుడు కఠినం చేస్తూ వస్తున్నారు కాబట్టి, పాత ఐదు నక్షత్రాలు ఇప్పటి ఐదు నక్షత్రాలతో సమానం కావు. నేను చూసేది లేబుల్ మీద రాసి ఉండే ఏడాది యూనిట్ల అంకెను. దాన్ని మా ఇంటి కరెంటు ధరతో హెచ్చవేసి, అమ్మేవాడి ధరకు కలుపుకుంటాను. ఆ లేబుల్ గీకేసిన ఫ్రిజ్‌కు మాత్రం ధర కూడా అడగను.