సైకిల్‌ని బండి గుద్దితే, కేసు ఆస్పత్రి చీటీలోనే మొదలవుతుంది

సైకిల్ మీద పోయేవాళ్లని కారో లారీయో గుద్దిన కేసుల్లో పరిహారం క్యాజువాలిటీ బల్ల దగ్గరే చెయ్యిజారిపోవడం మామూలు. మోసుకొచ్చినవాళ్లని డ్యూటీ డాక్టరు "ఏమైంది?" అని అడుగుతాడు. పోలీసు కేసంటే చేర్చుకోరేమోనన్న భయంతోనో, హడావుడిలోనో "సైకిల్ మీంచి పడ్డాడండీ" అనేస్తారు. ఆయన అదే రాసుకుంటాడు. ఏడాదిన్నర పోయాక ఇన్సూరెన్స్ కంపెనీ వకీలు ఆ కేస్ షీటు తెప్పించి జడ్జిగారి ముందు పెడతాడు. తనంతట తానే పడ్డాడు, తర్వాత ఎవరి బండి నంబరో పట్టుకొచ్చి ఇరికించారు అంటాడు. ఆ ఒక్క లైను తప్పని నిరూపించడానికి ఇద్దరు ముగ్గురు సాక్షులు బోనెక్కాలి, అయినా జడ్జి నమ్ముతారని హామీ లేదు.

కాబట్టి అక్కడ చెప్పాల్సింది ఇంతే: "సైకిల్ మీద వెళ్తుంటే ఫలానా చోట, ఇన్ని గంటలకు, వెనక నుంచి తెల్ల కారు గుద్దింది." నంబరు తెలిస్తే నంబరు, తెలియకపోతే రంగు, రకం. మెడికో లీగల్ కేసుగా నమోదు చేయమని అడగండి, అప్పుడు పోలీసులకు కబురు ఆస్పత్రి నుంచే వెళ్తుంది. వైద్యం ఆగుతుందన్న భయం అక్కర్లేదు. 2025 మే 5న కేంద్రం నోటిఫై చేసిన నగదు రహిత చికిత్స పథకం కింద, మోటారు వాహనం వల్ల గాయపడ్డవాళ్లకి ప్రమాదం జరిగిన రోజు నుంచి ఏడు రోజులపాటు, లక్షన్నర రూపాయల వరకు వైద్యం అందాలి. సైకిల్ మీద ఉన్నవాళ్లూ ఇందులోకి వస్తారు. అయితే ఇది మోటారు వాహనం వల్ల జరిగిన ప్రమాదమేనని పోలీసుల నుంచి నిర్ధారణ రావాలి. "పడ్డాడు" అని రాయించుకుంటే ఇక్కడా ఇబ్బందే.

సైకిల్‌కి ఇన్సూరెన్స్ ఉండదు కదా, మనకేం వస్తుందిలే అనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. గుద్దిన బండి పాలసీలో సైకిల్ మనిషి థర్డ్ పార్టీ, అంటే ఓనరూ కంపెనీ కాని బయటి మనిషి. ఆ పాలసీ అసలు ఉన్నదే ఇలాంటివాళ్ల కోసం. డ్రైవరుకి లైసెన్సు లేకపోయినా, ముందు బాధితుడికి కట్టి తర్వాత ఓనరు దగ్గర వసూలు చేసుకోమని కంపెనీని కోర్టులు ఆదేశిస్తుంటాయి. పాలసీయే లేకపోతే మాత్రం ఓనరు ఆస్తి మీద పడాలి, అది కష్టమైన పని. బండి నంబరుతో ఎంపరివాహన్ యాప్‌లో చూస్తే ఇన్సూరెన్స్ గడువు కనిపిస్తుంది. అదే రోజు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

రోడ్డు మీద రాజీ సంగతి. ఐదు వేలు చేతిలో పెట్టి తెల్లకాగితం మీద సంతకం అడుగుతారు. తలకి దెబ్బ తగిలినవాడు ఆ క్షణంలో బాగానే మాట్లాడి, రాత్రికి వాంతులు మొదలై స్కానింగుకు పోయిన సందర్భాలు కొల్లలు. సంతకం పెట్టకండి. ఫిర్యాదు ఆలస్యమైతే, ఎందుకు ఆలస్యమైందో (ఆపరేషన్ జరిగింది, స్పృహ లేదు) ఫిర్యాదులోనే రాయండి. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. అందులో భారతీయ న్యాయ సంహిత 281, 125 సెక్షన్లు కనిపిస్తాయి.

ఇక సైకిల్. దాన్ని వెంటనే బాగుచేయించకండి, పాత ఇనుముకి అసలే వేయకండి. ఏ కోణంలో దెబ్బ తగిలిందో అదే చెబుతుంది. వెనక రిమ్ము ఎనిమిది అంకెలా మెలిపడి, క్యారియర్ సీటు కిందికి దూసుకొచ్చి ఉంటే వెనక నుంచి గుద్దినట్టు. ముందు ఫోర్కు లోపలికి వంగితే సైకిలే వెళ్లి దేన్నో తగిలిందని ఎదుటి వకీలు అంటాడు. పెడల్ మీద, మడ్‌గార్డు మీద అంటుకున్న కారు పెయింటు గీతని దగ్గర నుంచి ఫొటో తీయండి. పోలీసులు గీసే రఫ్ స్కెచ్‌లో సైకిల్‌ని రోడ్డు మధ్యలో గుర్తించారా, అంచున మట్టి మీదా అన్నది కూడా చూసుకోవాలి. అది తప్పుగా ఉంటే ఛార్జిషీటు పడకముందే ఎస్సైకి రాతపూర్వకంగా ఇవ్వాలి. చుట్టుపక్కల దుకాణాల సీసీ కెమెరాల్లో పాత రికార్డింగు మీదే కొత్తది పడుతూ ఉంటుంది, కాబట్టి మొదటి రెండు మూడు రోజుల్లోనే ఎవరైనా వెళ్లి అడగాలి.

2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం పోలీసులు 48 గంటల్లో మొదటి ప్రమాద నివేదికని, 90 రోజుల్లో వివరమైన నివేదికని ట్రిబ్యునల్‌కి (ప్రమాద పరిహారం కేసులు విచారించే కోర్టు) పంపాలి. ఆ నివేదికనే క్లెయిమ్ దరఖాస్తుగా తీసుకునే వీలు చట్టంలో ఉంది. దాన్ని నమ్ముకుని కూర్చోవద్దన్నది నా సలహా. మోటారు వాహనాల చట్టం 166వ సెక్షన్ కింద మీరే పిటిషన్ వేయండి, మన కోర్టుల్లో ఎంవీఓపీ అంటారు. గడువు ప్రమాదం నుంచి ఆరు నెలలు. ఈ గడువు చెల్లదంటూ సుప్రీంకోర్టులో సవాళ్లు పడ్డాయి గానీ, దాని మీద ఆశపెట్టుకుని మీ కేసు నానబెట్టకండి. పైగా వడ్డీ లెక్కేది సాధారణంగా పిటిషన్ వేసిన రోజు నుంచే. హైదరాబాద్‌లో దెబ్బ తగిలిన శ్రీకాకుళం కూలీ తన సొంత జిల్లా ట్రిబ్యునల్‌లోనే కేసు వేసుకోవచ్చు, నివాసం చూపిస్తే చాలు.

ఎంత వస్తుందన్న లెక్క చాలామంది వకీళ్లు కూడా విడమర్చి చెప్పరు. 38 ఏళ్ల తాపీ మేస్త్రీ, నెలకి 15 వేలు అనుకుందాం. నలభై లోపు వయసు కాబట్టి భవిష్యత్ పెరుగుదల కింద 40 శాతం కలిపితే 21 వేలు. ఏడాదికి 2,52,000. ఆ వయసుకి గుణకం (ఏడాది ఆదాయాన్ని ఎన్ని రెట్లు చేయాలన్న అంకె) 15, అంటే 37,80,000. ఇందులో వైకల్యం శాతం ఎంతో అంత. మెడికల్ బోర్డు కాలికి 20 శాతం అని రాస్తే 7,56,000. కానీ సుప్రీంకోర్టు 2010లో రాజ్‌కుమార్ కేసులో చెప్పింది వేరు: కాలు ఎంత పోయిందన్నదొక్కటే చూస్తే సరిపోదు, ఆ మనిషి సంపాదన ఎంత పోయిందో చూడాలి. పరంజా ఎక్కలేని మేస్త్రీకి అది 40 శాతమని నిరూపిస్తే 15,12,000. మందులు, అటెండెంటు, రవాణా, నొప్పి, బాధ ఇవన్నీ దీనికి అదనం.

ఆ తేడా రావాలంటే సర్టిఫికెట్టు దాఖలు చేస్తే సరిపోదు, డాక్టరు కోర్టుకొచ్చి "ఇతను ఇక గొంతుక్కూర్చోలేడు, నిచ్చెన ఎక్కలేడు" అని చెప్పాలి. ఆదాయానికి జీతం చీటీ లేనివాళ్లు భవన నిర్మాణ కార్మిక కార్డు, ఫోన్‌పే లావాదేవీలు, పనిచ్చిన కాంట్రాక్టరు సాక్ష్యం పెట్టుకోవాలి. ఏమీ లేకపోతే కోర్టు కనీస వేతనాల దగ్గర ఆగిపోతుంది.

ఎదుటివాళ్లు తప్పకుండా తెచ్చే వాదన, సైకిల్ మనిషి నిర్లక్ష్యం. హెల్మెట్ లేదంటారు. మోటారు వాహనాల చట్టంలో హెల్మెట్ నిబంధన మోటారు సైకిళ్లకే. లైటు లేదు, రాంగ్ రూట్ అన్నవి మాత్రం గట్టి వాదనలు, వాటా తేలిస్తే పరిహారంలో అంత శాతం కోస్తారు. కానీ నిరూపించాల్సిన బరువు ఆ మాట అన్నవాళ్లదే, డ్రైవరుని బోనెక్కించకుండా ఊరికే అంటే కుదరదు. తెల్లవారుజామున పాలు, పేపర్లు వేసేవాళ్లు వెనక మడ్‌గార్డుకి ఎర్ర రిఫ్లెక్టరు పెట్టుకుంటే ప్రాణానికీ మంచిది, కేసుకీ మంచిది.

గుద్ది పారిపోయి నంబరు దొరక్కపోతే దారి వేరు. ఎఫ్ఐఆర్ గుర్తుతెలియని వాహనం మీద అవుతుంది. తీవ్ర గాయానికి 50 వేలు, మరణానికి 2 లక్షలు. ఎముక విరిగినా, పన్ను ఊడినా చట్టం దృష్టిలో తీవ్ర గాయమే. దరఖాస్తు ఆర్డీఓ లేదా తహసీల్దారు దగ్గర, మంజూరు కలెక్టర్ దగ్గర. తర్వాత బండి దొరికి పూర్తి పరిహారం వస్తే ఈ సొమ్ము తిరిగి కట్టాలి.

వకీలు ఫీజు గురించి ఒక మాట. వచ్చినదాంట్లో ఇంత శాతం అని ఒప్పందం చేసుకోవడం బార్ కౌన్సిల్ నియమాల ప్రకారం నిషిద్ధం. ఆస్పత్రి గుమ్మంలో తిరిగే ఏజెంట్లు అడిగేది సరిగ్గా అదే. ఖాళీ వకాలత్ మీద, ఖాళీ చెక్కు మీద సంతకాలు పెట్టకండి. మహిళలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు, వికలాంగులు, తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకి జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలునిస్తుంది. ఫోన్ నంబరు 15100.

లోక్ అదాలత్‌కి పిలిస్తే వెళ్లండి, డబ్బు త్వరగా చేతికొస్తుంది. కానీ అక్కడి అవార్డు మీద అప్పీలు లేదు. కాలిలో రాడ్డు వేయించుకున్నవాళ్లు, అది తీయించే ఆపరేషన్ ఖర్చు ఆ అంకెలో కలిసిందో లేదో చూసుకున్నాకే సంతకం పెట్టాలి.