దుక్కిలో తీతువ గుడ్లు

తొలకరి పడి నేల పదునైతే మా కళ్యాణదుర్గం దిక్కున ట్రాక్టర్లకు రాత్రీ పగలూ తేడా ఉండదు. శెనక్కాయ విత్తే లోపల అందరి చేలూ దున్నాలి, అందరికీ ముందే కావాలి. నేను బాడుగకు దున్నేవాణ్ణి. సరిగ్గా ఈ రోజుల్లోనే తీతువ పిట్టలు మన చేలల్లో గుడ్లు పొదుగుతూ ఉంటాయి. తోటి డ్రైవర్లకూ రైతులకూ వాటి గురించి చెప్పాలనే ఇది రాస్తున్నా.

తీతువ చెట్టు మీద గూడు కట్టదు. బీడు నేలలో చిన్న గుంత చేసుకుని, చుట్టూ గులకరాళ్ళు, మేక పెంటికలు చేర్చి, మామూలుగా నాలుగు గుడ్లు పెడుతుంది. మట్టి రంగు గుడ్డు, దాని మీద నల్లటి మచ్చలు. ఆ మచ్చల్లోనే ఉంది కిటుకంతా. గుడ్డు మొత్తం ఒకే రంగులో ఉంటే దాని గుండ్రటి అంచు కంటికి తెలిసిపోతుంది. మచ్చలు ఆ అంచును అక్కడక్కడా తెంచేస్తాయి. పైనుంచి చూసే కాకికి, గద్దకు రాళ్ళే కనబడతాయి, గుడ్డు కనబడదు. పిల్లలదీ అదే దారి. తల్లి అరుపు వినగానే పరిగెత్తవు, ఉన్నచోటే నేలకు అతుక్కుని కదలకుండా ఉండిపోతాయి. కదలిక ఉంటేనే గద్ద కన్ను పడుతుంది మరి.

నాకు బాధ కలిగేది ఇక్కడే. గద్ద నుంచి కాపాడే ఆ కదలకపోవడమే కల్టివేటర్ కింద ప్రాణం తీస్తుంది. రంగు కంటిని మోసం చేస్తుంది గానీ ఇనప పళ్ళకు కళ్ళెక్కడివి? సీటు మీద కూర్చున్న మనకేమో అంత ఎత్తు నుంచి గులకరాళ్ళే కనబడతాయి. కాబట్టి గుడ్ల కోసం వెతికి లాభం లేదు, తల్లి కోసం చూడాలి. నెత్తి మీద తిరుగుతూ, దూకినట్టు వస్తూ, గొంతు చించుకుని అరుస్తోందంటే గుడ్లో పిల్లలో దగ్గర్లోనే ఉన్నాయి. ట్రాక్టర్ ఆపి దిగి నడవాలి.

తీతువ అరుపు అపశకునమని మనవాళ్ళలో ఒక నమ్మకం ఉంది. నేనొకసారి అలా ఆపి దిగితే చేనుగల అవ్వ గట్టు మీద నుంచి కేకేసింది.

"ఏం నాయనా, నిలబెట్టేసినావు?"

"తీతువ గుడ్లు ఉన్నట్టున్నాయవ్వా."

"ఆ అరుపు మంచిది కాదంటారు. బిరబిరా దున్నేసి పోరాదా."

"అది మనకు చెడు కోరడం లేదవ్వా, పిల్లల కోసం ఏడుస్తా ఉంది."

అవ్వ వచ్చి చూసింది. వేలు పెట్టి చూపించేదాకా ఆమెకూ కనబడలేదు. చూశాక చాలాసేపు మాట్లాడలేదు. "ఆ ముక్క వదిలేయ్ నాయనా, పిడికెడు ఇత్తనం తగ్గితే ఏమైంది" అంది. ఆ మాటకు నాకు ప్రాణం లేచొచ్చింది.

కనబడని పిట్ట లేనట్టే లెక్క అయిపోవడం మన సీమలో ముందే జరిగింది. కడప జిల్లా లంకమల అడవుల్లో ఉండే కలివికోడి పగలంతా ముళ్ళపొదల్లో దాగి రాత్రి తిరిగే పిట్ట. థామస్ జెర్డాన్ అనే ఆంగ్లేయ వైద్యుడు 1848లో దాన్ని కనుగొన్నాడు. 1900 తర్వాత ఎవరికీ కనబడకపోవడంతో ఇక లేదనుకున్నారు. 1986 జనవరిలో ఐతన్న అనే స్థానిక వేటగాడు రాత్రిపూట ఒకదాన్ని పట్టి తెచ్చేదాకా అదే నమ్మకం. ఆ తర్వాత పరిశోధకులు దాన్ని చూడటానికి బదులు దారుల్లో మెత్తటి మట్టి పరిచి పాదముద్రలు వెతికారు. తెలుగుగంగ కాలువ దారి మార్చింది కూడా ఆ పిట్ట కోసమే.

దాక్కోకుండా బతికేవీ ఉన్నాయి. చేను గట్టు మీద జిల్లేడు చెట్టు చూడండి. దాని ఆకు తిని పెరిగిన గొంగళిపురుగు నారింజ రంగు సీతాకోకచిలుక అవుతుంది, ప్లెయిన్ టైగర్ అంటారు. జిల్లేడు పాలలోని విషం దాని ఒంట్లోనే ఉండిపోతుంది. ఒకసారి తిని కక్కుకున్న పిట్ట ఆ రంగు జోలికి మళ్ళీ పోదు. అచ్చం అదే రంగులో ఇంకొకటి తిరుగుతుంది, డానాయిడ్ ఎగ్‌ఫ్లై ఆడది. అది పెరిగింది మనం పప్పులో వేసుకునే గంగవాయిలి కూర తిని! ఒంట్లో విషం లేదు, వేషమొక్కటే. మగదానికి ఆ వేషం కూడా లేదు, నల్లటి రెక్కల మీద తెల్లటి మచ్చలతో వేరే జాతి అనిపిస్తుంది. ఇలాంటి అనుకరణను అమెజాన్ సీతాకోకచిలుకల్లో గమనించి హెన్రీ బేట్స్ అనే ఆంగ్లేయ శాస్త్రవేత్త 1862లోనే వివరించాడు. వేషం వేసేవి తక్కువగా ఉంటేనే అది చెల్లుతుంది. ఎక్కువైతే పిట్టలు ధైర్యం చేసి రుచి చూస్తాయి.

రక్తపింజరి సంగతి మీకు చెప్పక్కర్లేదు. శెనక్కాయ కట్టె వామి దగ్గర ఎండుటాకుల రంగులో కలిసిపోయి కదలకుండా పడుకుంటుంది. చీకట్లో టార్చి లేకుండా అక్కడ చెయ్యి పెట్టొద్దు.

మళ్ళీ తీతువ గుడ్ల మాట. కనబడితే గుర్తుగా పక్కనే కర్ర పాతి గుడ్డ కట్టొద్దు, అది కాకికి దారి చూపించినట్టే. ఆ సాలుకు ఎదురుగా గట్టు మీద కంప వేసి, ఇంత దూరంలో ఉన్నాయని రైతుకు చెప్పండి. చుట్టూ ఒక మంచం పట్టేంత నేల వదిలి దున్నండి. ఎక్కువసేపు అక్కడే నిలబడొద్దు, ఎండలో తల్లి గుడ్ల మీదికి రాకపోతే అవి ఉడికిపోతాయి. పొదగడానికి పట్టేది 28 నుంచి 30 రోజులు. పుట్టిన కాసేపటికే పిల్లలు గూడు వదిలి తల్లి వెంట నడిచిపోతాయి. ఆ తర్వాత ఆ ముక్కలో అలసందలు విత్తుకోవచ్చు.