సైకిల్ ఎక్కకముందే మొదలయ్యే లెక్క

దూరప్రయాణంలో ఏం తింటారని నన్ను అడిగే తోటి సైక్లిస్టులు చాలామంది ఉన్నారు కానీ, బయలుదేరేముందు ఎంత ఇన్సులిన్ వేసుకుంటారని అడిగేవారు అరుదు. నాబోటి టైప్ 1 మధుమేహులకు, అంటే ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారుకాక సూదితో వేసుకునేవారికి, అసలు చిక్కు అక్కడే ఉంది.

మధుమేహం లేనివారు తొక్కడం మొదలుపెట్టగానే వారి క్లోమం ఇన్సులిన్ విడుదలను తానే తగ్గించుకుంటుంది. సూదితో ఎక్కించుకున్న ఇన్సులిన్‌కు ఆ వెసులుబాటు లేదు. పైగా పనిలో ఉన్న కండరాలు ఇన్సులిన్ సాయం అంతగా లేకుండానే రక్తంలోని గ్లూకోజ్‌ను లాక్కుంటాయి. ఈ రెండూ కలిస్తే, తెల్లవారుజామున ఇడ్లీలు తిని, రోజూ వేసుకునే మోతాదే వేసుకుని హైదరాబాద్ శివారు నార్సింగిలో బయలుదేరినవారికి చేవెళ్ల చేరేలోపే చక్కెర పడిపోవచ్చు. అందుకే తిన్న రెండు గంటలలోపు బయలుదేరేటట్లయితే ఆ పూట వేగంగా పనిచేసే ఇన్సులిన్‌ను 25 నుంచి 75 శాతం వరకు తగ్గించుకోవాలని నిపుణులు సూచిస్తారు. అందులో మన అంకె ఏదన్నది వైద్యునితో కలిసి తేల్చుకోవలసిందే.

రక్తంలో చక్కెర డెసిలీటరుకు 126, 180 మిల్లీగ్రాముల మధ్య ఉన్నప్పుడు బయలుదేరడం నాకు నచ్చిన పద్ధతి. 250 దాటితే మాత్రం కీటోన్లు (ఇన్సులిన్ చాలనప్పుడు కొవ్వు కరిగి రక్తంలో చేరే ఆమ్లాలు) చూసుకోకుండా కదలకూడదు. దారిలో గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం, కొంచెం కొంచెంగా, అరటిపండు రూపంలోనో గ్లూకోజ్ నీళ్ల రూపంలోనో సరిపోతుంది. చాలామంది జేబులో ఉండే పల్లీపట్టి దారిలో తినడానికి బాగానే ఉంటుంది గాని, చక్కెర 70 కన్నా తగ్గినప్పుడు దాన్ని నమ్ముకోవడం పొరపాటు, ఎందుకంటే పల్లీలలోని కొవ్వు తీపిని రక్తంలోకి త్వరగా చేరనివ్వదు. అప్పుడు ఆగి 15 గ్రాముల గ్లూకోజ్ తీసుకుని, పావుగంటకు మళ్లీ చూసుకోవాలి.

వికారాబాద్ దగ్గరి అనంతగిరి ఘాట్‌లో గట్టిగా ఎక్కుతున్నప్పుడు అడ్రినలిన్ వల్ల చక్కెర పెరిగినట్టు, ఒంటికి అతికించుకుని చక్కెరను ఎప్పటికప్పుడు కొలిచే సెన్సర్ చూపవచ్చు. అది చూసి కంగారుపడి ఇన్సులిన్ వేసుకుంటే, తిరుగుదారిలో చక్కెర ఒక్కసారిగా పడిపోయే ప్రమాదం ఉంది. సెన్సర్ చూపేది కూడా కొన్ని నిమిషాల వెనకటి సంగతి కనుక అంకె కన్నా, చక్కెర పెరుగుతోందో తగ్గుతోందో చూపే పక్కనున్న బాణమే నాకు ముఖ్యం.

ఇంటికి చేరాక బిర్యానీ తినాలనిపించడం హైదరాబాదీలకు సహజం. అయితే ఖాళీ అయిన గ్లూకోజ్ నిల్వలను కండరాలు తిరిగి నింపుకుంటూ ఉంటాయి కాబట్టి ఆ రాత్రంతా ఇన్సులిన్ మామూలు కన్నా బలంగా పనిచేస్తుంది. నెయ్యీ మాంసమూ ఉన్న అన్నమేమో నెమ్మదిగా అరుగుతుంది. పూర్తి మోతాదు ఒకేసారి వేసుకుంటే ముందు చక్కెర పడిపోయి, అర్ధరాత్రి దాటాక పెరగవచ్చు. నేను వైద్యుని సలహాతో ఆ పూట మోతాదును తగ్గించి, రెండుగా విడదీసి వేసుకుంటాను. పడుకునేముందు, చక్కెర తగ్గితే మోగే సెన్సర్ అలారం హద్దును కాస్త పైకి జరుపుతాను.